రీకాల్‌లో ఉన్న స్పోర్ట్స్ కారు: పార్టు వచ్చేదాకా నడపొచ్చా?

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి కూడబెట్టుకుని నిరుడు ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాను. రెండు డోర్లు, మాన్యువల్ గేర్లు. ఖరీదైనదేమీ కాదు, కానీ నాకు ప్రాణం.

పోయిన నెల మలుపు తిరుగుతుండగా ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. బ్రేకు రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. బలమంతా పెట్టి తొక్కి ఎలాగో పక్కకు తీశాను. ఇప్పటికీ ఆ మలుపు దగ్గరికొస్తే కాళ్లు వణుకుతాయి.

17 అక్షరాలు, అంకెలు ఉండే వీఐఎన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) కొట్టి చూస్తే ఫ్యూయల్ పంపు రీకాల్ (లోపమున్న పార్టును మార్చడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) పెండింగ్‌లో ఉందని తేలింది. పంపు లోపలి ప్లాస్టిక్ ఇంపెల్లర్ (పెట్రోలును తోసే చిన్న చక్రం) పెట్రోలు పీల్చుకుని ఉబ్బి, చుట్టూ ఉన్న పంపు బాడీకి రాసుకుని ఆగిపోతుందట. రీకాల్ గురించిన ఉత్తరం పాత ఓనరుకు వెళ్లిందేమో, నాకైతే రాలేదు.

సర్వీస్ సెంటర్‌వాళ్లు పంపు ఉచితంగానే మారుస్తామన్నారు. కానీ పార్టు లేదు, వచ్చాక ఫోన్ చేస్తామంటున్నారు. అప్పటిదాకా నడపొచ్చా అంటే "మీ ఇష్టం" అన్నారు. ఆ మాటకే చాలా బాధేసింది. పైగా సైలెన్సర్ మార్చి ఉందని చూసి, అది రీకాల్ పనికి అడ్డు రావచ్చన్నారు. పంపుకీ సైలెన్సర్‌కీ సంబంధమేంటి?

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? కంపెనీకి నేరుగా రాస్తే పని తొందరగా అవుతుందా? పార్టు వచ్చేదాకా వేరే బండి అడగొచ్చా? పంపు పూర్తిగా ఆగే ముందు స్టార్టింగ్ లేటవడం, పికప్ తగ్గడం లాంటి గుర్తులు మీకు కనిపించాయా? ఇంట్లోవాళ్లను ఎక్కించుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.