అప్‌డేట్ (జూన్ 2019): పిరోహివ్ చూసొచ్చాం

కీవ్ శివార్లలోని పిరోహివ్ పల్లె మ్యూజియానికి అమ్మానాన్నలతో వెళ్తే ఒక పూట సరిపోతుందా అని అడిగాను కదా. సరిపోదండీ, రోజంతా పెట్టుకోండి. 1969లో మొదలైన ఈ మ్యూజియం కోసం ఉక్రెయిన్ నలుమూలల నుంచి పాత ఇళ్లు, చెక్క చర్చిలు, గాలిమరలు విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. నడక చాలా ఎక్కువ. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అందుకే కార్పాతియన్ కొండ ప్రాంతపు ఇళ్లున్న వైపు వెళ్లలేదు.

అమ్మయితే పోల్తావా ప్రాంతం నుంచి తెచ్చిన ఇంట్లోంచి కదిలితే ఒట్టు! సున్నం కొట్టిన మట్టి గోడలు, గడ్డి కప్పు. లోపల పెద్ద మట్టి పొయ్యి: అందులోనే రొట్టెలు కాల్చేవారట, చలికాలం దాని పైనే పడుకునేవారట. మూలనున్న దేవుడి పటాల మీద ఎర్ర దారపు కుట్టుతో పొడవాటి తువ్వాలు వేసి ఉంది. వంగి చూసి, "క్రాస్ స్టిచ్చేనే, ఎంత సన్నగా కుట్టారో!" అంది.

మంచి బూట్లు వేసుకెళ్లండి. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.