1976లో ఫోర్డ్‌ని ఓడించింది ఆ ఒక్క మాటేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. జర్నలిజం విద్యార్థులకు టీవీ డిబేట్ల ప్రభావం గురించి పాఠం చెప్పాలి. ఒక చోట ఆగిపోయాను, సాయం కావాలి.

1976 అక్టోబర్ 6, శాన్ ఫ్రాన్సిస్కో. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, ఆయన ప్రత్యర్థి జిమ్మీ కార్టర్‌ల రెండో డిబేట్. తూర్పు ఐరోపా మీద సోవియట్ ఆధిపత్యం లేదని ఫోర్డ్ అనేశారు. నిజానికి అప్పట్లో ఆ దేశాల్లో చాలావరకు సోవియట్ గుప్పిట్లోనే ఉండేవి. ప్రశ్న వేసిన న్యూయార్క్ టైమ్స్ విలేఖరి మాక్స్ ఫ్రాంకెల్ నమ్మలేక మళ్లీ అడిగారు. సర్దుకునే అవకాశం అక్కడే దొరికింది. అయినా ఫోర్డ్ యుగోస్లావియా, రొమేనియా, పోలండ్ అంటూ పేర్లు చెప్పి మరీ ఇరుక్కున్నారు. పోలిష్, చెక్, హంగేరియన్ మూలాలున్న అమెరికన్లను ఒప్పించి చూడమని కార్టర్ వెంటనే అందుకున్నారు. తప్పు ఒప్పుకోవడానికి ఫోర్డ్‌కి రోజులు పట్టింది.

నన్ను పట్టి కుదిపేస్తున్నది వేరే విషయం. ఆ రాత్రి డిబేట్ అయిన వెంటనే అడిగితే చాలామంది ఫోర్డే బాగా మాట్లాడారన్నారు. మర్నాడు వార్తలన్నీ ఆ మాటనే తిప్పితిప్పి చూపించాక అభిప్రాయం తిరగబడింది. అంటే ఓటరుని కదిలించింది డిబేటా, దాని మీద వచ్చిన వార్తలా? నాకైతే వార్తలే అనిపిస్తోంది.

కానీ వాటర్‌గేట్ కుంభకోణంతో రాజీనామా చేసిన మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కి ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టారన్న కోపం, నిరుద్యోగం కూడా ఉన్నాయి కదా. చివరికి తేడా దేశం మొత్తం మీద 2 శాతం ఓట్లే. ఒహాయో రాష్ట్రంలో అయితే సుమారు 11,000 ఓట్లే. ఇంత దగ్గరి పోటీలో దేని వాటా ఎంతో పరిశోధకులు ఎలా విడదీస్తారు? తూర్పు ఐరోపా మూలాలున్న వార్డుల వారీ ఓట్ల లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? పొలిటికల్ సైన్స్ చదివినవాళ్లు, ఒహాయోలో ఉంటున్న మనవాళ్లు కాస్త దారి చూపించండి.