కర్నూల్లో రాత్రి పది దాటాక ఎక్కడికి తీసుకెళ్లాలి?

దసరాకి మా మేనత్త కూతుళ్లిద్దరు బెంగళూరు నుంచి వస్తున్నారు. డిగ్రీ చదివే పిల్లలు. అక్కడ పబ్బులు, హోటళ్లు ఒంటిగంట దాకా ఉంటాయి, చర్చ్ స్ట్రీట్‌లో ఎంత రాత్రయినా జనమే. హైదరాబాద్‌లో అయితే రంజాన్ నెలంతా చార్మినార్ చుట్టూ తెల్లవార్లూ దుకాణాలు తెరిచే ఉంటాయి. మన ఊళ్లో పదికల్లా మా వీధిలో షట్టర్లు దించేస్తారు. సెకండ్ షో వదిలాక కాసేపు సందడి, అంతే.

అలాగని నాకు ఊరు మీద ఫిర్యాదేం లేదు. ఇక్కడ మా చెల్లి రాత్రిపూట స్కూటీ మీద ఒక్కతే వచ్చినా ఇంట్లో ఎవరికీ టెన్షన్ ఉండదు. బెంగళూరులో మా అత్త మాత్రం పిల్లలు ఇంటికి చేరేదాకా క్యాబ్ ఎక్కడుందో ఫోన్‌లో చూస్తూనే కూర్చుంటుంది. ఆ నిశ్చింత వాళ్లకీ తెలియాలని నా ఆశ.

దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం చూస్తామని పెద్దది అడుగుతోంది. ఏటా కర్రల సమరంలో తలలు పగులుతుంటాయి, అక్కడికి తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే, దూరంగా నిలబడి చూసే వీలుందేమో చెప్పండి.

కొండారెడ్డి బురుజు వైపు గానీ, సి క్యాంప్ వైపు గానీ పదకొండు తర్వాత కూడా ఆడపిల్లలు కూర్చుని తినగలిగే చోటు ఏదైనా ఉందా? తుంగభద్ర ఒడ్డున రాత్రిపూట లైట్లుండి, నడవడానికి బాగుండే ఘాట్ ఏది?