బాలానగర్ షెడ్ల దాక విదేశీ పెట్టుబడి వస్తదా?

షెడ్ నంబర్ 14:
మా నాయన బాలానగర్‌ల నాలుగు లేత్‌లు, రెండు మిల్లింగ్ మిషిన్లతోని షెడ్డు నడుపుతున్నడు. ముప్పయ్యేండ్ల కింద విమానాలు చేసే సర్కారు కంపెనీ హెచ్‌ఏఎల్ ఇచ్చిన జాబ్ వర్క్‌తోని మొదలుపెట్టిండు. ఇప్పుడు మా గల్లీల ఒక్కొక్క షెడ్డు గోదాము అయితున్నది. ఇంకో దిక్కు పేపర్ల రోజూ ఫలానా దేశం కంపెనీ ఇన్ని వేల కోట్లు పెడుతున్నదని వార్త. విదేశీ పెట్టుబడి నిబంధనలు ఢిల్లీవి గదా, మరి రాష్ట్రం చేసేదేంది? అది మా గల్లీ దాక వచ్చే దారి ఏమన్న ఉన్నదా? షెడ్డు అమ్ముదమని ఇంట్ల మాట నడుస్తున్నది. అందుకే అడుగుతున్న.

పాత ఎస్టేట్ ఇంజనీరు:
బాబూ, పారిశ్రామికవాడల్లో రోడ్లు, పైపులైన్లు వేయించే ఉద్యోగం 28 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఢిల్లీ సంగతి నువ్వన్నది నిజమే. విదేశీ మారకం చట్టం ఫెమా, కస్టమ్స్ సుంకాలు, ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకాలిచ్చే పీఎల్‌ఐ, అన్నీ కేంద్రానివి. తయారీలో చాలా రంగాలకు ఆటోమేటిక్ రూటు, అంటే ముందుగా కేంద్రం అనుమతి అడగక్కర్లేని దారి, ఉంది కాబట్టి ఆ అనుమతి ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. నేల, నీళ్లు, కరెంటు కనెక్షను, బిల్డింగు ప్లాను, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అనుమతి, ఫ్యాక్టరీ లైసెన్సు, ఇవన్నీ రాష్ట్రం చేతిలోనివే. 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం వీటికి గడువు పెట్టింది. 200 కోట్లు దాటే ప్రాజెక్టుకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు.

కాగితాల వేగం ఒక్కటే చాలదు. ఒకసారి జపాన్ బృందాన్ని ఒక పాత ఎస్టేట్‌కు తీసుకెళ్లాం. మా ప్రెజెంటేషన్ పది నిమిషాలు విని సబ్‌స్టేషన్ చూపించమన్నారు. లాగ్ బుక్కు తీయించి ఏప్రిల్, మే పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. ఫీడర్ (ఎస్టేట్‌కు కరెంటిచ్చే లైను) ఎన్ని గంటలకు ట్రిప్పయింది, మళ్లీ ఎప్పుడు ఎక్కింది, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు. తర్వాత ప్లాటు పక్కనున్న మ్యాన్‌హోల్ మూత తీయమన్నారు. అది బిగుసుకుపోయి ఉంటే గడ్డపార తెప్పించి లేపాం. గుప్పుమని రసాయనం వాసన. అందులో ఒకాయన వంగి లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఆ ప్లాటు వాళ్లు తీసుకోలేదు. ఆ లైను నా హయాంలో వేసిందే. ఇన్నేళ్లయినా ఆ మూత నా కళ్ల ముందు నుంచి పోలేదు. పాత ఎస్టేట్‌ను బతికించాలంటే పని అక్కడ మొదలవ్వాలి, రోడ్‌షోలో కాదు.

మూతపడిందల్లా పోయినట్టే అనుకోకు. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ తీసుకుంది, రాష్ట్రం రాయితీలిచ్చింది, మిల్లు మళ్లీ నడిచింది.

జీడిమెట్ల హీట్ ట్రీట్‌మెంట్:
తమ్ముడూ, సార్ పైనుంచి చెప్పారు, నేను కిందినుంచి చెప్తాను. ఆదిబట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీ 2018లో మొదలైంది, అపాచీ హెలికాప్టర్ల బాడీలు అక్కడ తయారవుతాయి. అలాంటి కంపెనీ నేరుగా నీ షెడ్డుకు రాదు. వాళ్లకు సరఫరా చేసేవాళ్లుంటారు, వాళ్లకింద ఇంకొకళ్లు, ఆ కింద మనం. మాది ఆ మూడో మెట్టే.

ఆ మెట్టెక్కడానికి మిషిన్లు కాదు, రాతకోతలు నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటి లాటులో మేం పంపిన పిన్నులు కొలతకు సరిగ్గా ఉన్నాయి, హార్డ్‌నెస్ కూడా సరిపోయింది. సంచికి కట్టిన ట్యాగ్ మీద హీట్ నంబరు రాయలేదు. అంటే ఆ ఉక్కు ఏ కరుగులో పోసిందో చెప్పే నంబరు. లాటు మొత్తం వెనక్కొచ్చింది. మూడు వారాల పని. ఆ రాత్రి ఏడ్చాను. మర్నాటి నుంచి రాడ్డు కోసిన ప్రతి ముక్కకూ నంబరు గుద్దిస్తున్నాం. విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఏఎస్9100 సర్టిఫికెట్ కోసం ఆడిట్‌కు వచ్చినాయన మొట్టమొదట అడిగింది అదే.

అమ్మకం సంగతి. 2025 చివర్లో వచ్చిన హిల్ట్ పాలసీ, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలా చుట్టుపక్కలా ఉన్న 9,000 ఎకరాలకు పైగా పరిశ్రమల భూమిని ఫీజు కట్టి వేరే వాడకానికి మార్చుకోవచ్చంటోంది. అపార్ట్‌మెంట్ రేటు ముందు లేత్ ఏం నిలబడుతుంది? నాకిది మింగుడుపడటం లేదు. మా టర్నరు కుత్బుల్లాపూర్ నుంచి సైకిలు మీద వస్తాడు. షెడ్డు ఓఆర్‌ఆర్ అవతలికి పోతే ఆయన రాడు. ఆయన చెయ్యి నాకు ఏ పార్కులోనూ దొరకదు.

నక్కవాగు పక్క ఊరు:
మేడం, కంపెనీల నీళ్లకు మా వాగు ఏమైందో చూసినవాణ్ని. కాలుష్యం చేసేవి బయటికి పోవాల్సిందే.

జీడిమెట్ల హీట్ ట్రీట్‌మెంట్:
పోవాలి, కాదనను. కానీ మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ రియాక్టరునీ టూల్ రూమునీ ఒకే గాటన కట్టొద్దంటున్నాను.

తమ్ముడూ, మీ నాయన ఏ టాలరెన్సు దాకా, అంటే కొలతలో ఎంత తక్కువ తేడా దాకా, పట్టగలరు? మా దగ్గర ఒక బుష్ డ్రాయింగ్ ఉంది, బయట చేయిస్తున్నాం. 15 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

షెడ్ నంబర్ 14:
అక్కా, ఇప్పుడే అడిగిన. 10 పట్టినా అంటున్నడు, హెచ్‌ఏఎల్‌కు చేసిన పాత పీసు ఇంకా బీరువాల ఉన్నదట. సోమవారం పొద్దుగాల ఆ పీసు, మైక్రోమీటరు పట్టుకొని నాయనను తోల్కొని వస్త. ట్యాగుల మీద ఏమేం రాయాల్నో అది గూడ చూపియ్యుండ్రి.