వాయుగుండం సరే, పైకి లేచే గాలిని ఏమందాం?

చెన్నైలో తుఫానుల సీజను వస్తే చాలు, ఇంట్లో టీవీ తమిళంలో ‘కాట్రళుత్త తాళ్వు మండలం’ అంటుంది, ఫోన్లో తెలుగు వార్తలు ‘వాయుగుండం’ అంటాయి. తమిళ మాట ఒత్తిడి తగ్గిందని చెప్పి ఊరుకుంటుంది, మన మాటలో ఆకారం కనిపిస్తుంది. నదిలో గుండం దగ్గర దిగొద్దంటారు కదా, నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి లాగేస్తాయని. సముద్రం మీద గాలి చేసేదీ అదే, అపసవ్యంగా తిరుగుతూ నడిమికి చేరుతుంది.

ఐతే గుండం అనగానే కిందికి పోతుందనుకుంటాం. అక్కడ చేరిన గాలి మాత్రం పైకి లేస్తుంది. దాంట్లోని ఆవిరి నీటి చుక్కలవుతూ వేడిని విడుస్తుంది, ఆ వేడికి గాలి తేలికై ఇంకా పైకి, ఇంకా పైకి పోతుంది, పెద్ద తుఫానుల్లో మబ్బు తల 15, 16 కిలోమీటర్ల ఎత్తుకు చేరి మైనస్ 70, 80 డిగ్రీల చలిలో ఉంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన ఊరిని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ రోజుల్లో అందరం ఫోన్లలో పంపుకున్న రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహ చిత్రాలు చూపించేది ఈ చలినే. అక్కడ రంగు ముదిరితే వాన అంత పడుతోందని కాదు, మబ్బు తల అంత చల్లగా ఉందని. గాలి చాలా జోరుగా లేస్తోందనడానికి అది గట్టి గుర్తు.

ఆ జోరుకు ‘ఊర్ధ్వ వాయుప్రవాహం’ అని రాస్తే నోరు తిరగదు, బొమ్మా కట్టదు. మంట ఎగదన్నింది, ఏటి నీళ్ళు ఎగదన్నాయి అంటాం కాబట్టి ‘ఎగదన్నే గాలి’ అంటే చాలదా?

— (ఒక చదువరి) మాట బాగుందండీ. కానీ తుఫాను నడిమధ్య ఉండే కన్నులో గాలి కిందికే దిగుతుంది, దిగుతూ వేడెక్కుతుంది, అందుకే అక్కడ మబ్బు ఉండదు. అలాగైతే గుండం అనడం అన్నివిధాలా సరైనదే కదా?

— (నా జవాబు) నిజమేనండీ, కన్ను మటుకు అంతే. కానీ వాయుగుండం అనేది గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో ఉన్న దశ, అప్పటికి కన్ను ఏర్పడదు. కన్ను ఏర్పడ్డాక కూడా దాని చుట్టూ గోడలా నిలబడే మబ్బుల్లో గాలి ఎగదన్నుతూనే ఉంటుంది, మాట కావలసింది దానికే. బాపట్ల, మచిలీపట్నం వైపు వేటకు వెళ్ళేవాళ్ళ నోట దీనికి వేరే మాట విన్నవాళ్ళుంటే దయచేసి కింద రాయండి.