సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి ఇంకో 11,000 పెట్టొచ్చా?

మహేంద్రతనయ:
మాది పర్లాకిమిడి. తమ్ముడు గుణుపురంలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. వాడి కోసం పోయిన నెల బరంపురంలో ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ ఎక్స్240 తీసుకున్నాం, 9,500 అయింది. ఐ5-4300యూ, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి టీ పెట్టుకుని తాగి వచ్చినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటోంది. షాపాయన్ని అడిగితే ఇంకో 11,000 ఇవ్వండి, ర్యామ్ 16 చేసి, ఐ7 వేసి, విండోస్ 11 ఎక్కిస్తానంటున్నాడు. నాన్న జీడి పిక్కలు అమ్మిన డబ్బులోంచి ఇస్తానన్నారు, అందుకే టెన్షన్‌గా ఉంది. తమ్ముడికి ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో కూడా కావాలట. ఇవ్వమంటారా?

రాయగడ_రిపేర్:
ఇవ్వకండి. మీ మోడల్‌లో ర్యామ్ స్లాట్ ఒక్కటే, అందులో 8 జీబీకి మించి పట్టదు. ఆయన చెప్పే 16 ఎక్కడ పెడతాడో అడగండి. ప్రాసెసర్ మదర్‌బోర్డుకి అతికించేసి ఉంటుంది, డెస్క్‌టాప్‌లోలా తీసి ఇంకోటి పెట్టేది కాదు. ఐ7 కావాలంటే బోర్డు మొత్తం మార్చాలి, మార్చినా వచ్చేది ఆ తరం ఐ7 మాత్రమే, అదీ రెండు కోర్లే, తేడా పెద్దగా తెలియదు. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి, మీది 4వ తరం. ఆ తనిఖీలు దాటించే రూఫస్ అనే ఉచిత టూల్‌తో ఎక్కించడం కష్టమేమీ కాదు, నేనూ ఎక్కించాను. కాకపోతే ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ మళ్ళీ చేత్తో చేసుకోవాలి.

మీ అసలు జబ్బు హార్డ్‌డిస్క్. దాని బదులు తిరిగే భాగాల్లేని డిస్క్, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ ఒకటి కొనండి, 7 మి.మీ. మందం ఉన్నది. సెకనుకి 100 ఎంబీ దగ్గర చదివే చోట 500 దాకా వస్తుంది, మీ టీ సమయం నిమిషంలోపుకి దిగుతుంది. ఆ ఎస్ఎస్‌డీ వృథా పోదు, రేపు ఈ మెషిన్ పోయినా యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుని వాడుకోవచ్చు.

విప్పే ముందు ఒక్క మాట. దీనికి లోపల ఇంకో బ్యాటరీ ఉంటుంది. వెనక బ్యాటరీ తీసేస్తే కరెంటు పోయిందనుకోవద్దు, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్, అంటే బయోస్‌లో పవర్ కింద లోపలి బ్యాటరీని డిజేబుల్ చేసి అప్పుడు విప్పండి. కింది కవర్ స్క్రూలు పూర్తిగా ఊడి రావు, కవర్‌కే పట్టుకుని ఉంటాయి, బలవంతంగా లాగకండి.

జయపురం_టీచర్:
ఎస్ఎస్‌డీ మాట నిజం. 8 జీబీ ర్యామ్ కూడా వేయండి, 4తో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తేనే ఆయాసపడుతుంది. అయితే కార్డు కొనేటప్పుడు స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉందా లేదా చూడాలి. ఆ ఎల్ అంటే 1.35 వోల్టులది. నాకు ఒక షాపులో ఎల్ లేనిది, 1.5 వోల్టులది అంటగట్టారు, వేసి బటన్ నొక్కితే స్క్రీన్ నల్లగానే ఉండిపోయింది. మెషిన్ చచ్చిపోయిందనుకుని రాత్రంతా నిద్ర పట్టలేదు. పాత కార్డు తిరిగి పెడితే లేచింది.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఆ తర్వాత నా దారి విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. 22వ వెర్షన్‌కి 2029 దాకా సపోర్ట్ ఉంది. నా మెషిన్‌లో తెలుగు, ఒడియా రెండూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో టైప్ చేస్తున్నాను, మా బడిలో రెండూ కావాలి మరి.

మహేంద్రతనయ:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఆండ్రాయిడ్ స్టూడియో సంగతేంటండీ? 8తో నడుస్తుందా?

రాయగడ_రిపేర్:
స్టూడియోకి కనీసం 8 కావాలి, కంప్యూటర్‌లోనే నకిలీ ఫోన్ చూపించే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 అడుగుతుంది. కాబట్టి ఎమ్యులేటర్ జోలికి పోవద్దనండి. తన ఫోన్‌లోనే డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టి యాప్ నడిపించుకోమనండి. బిల్డ్ అయ్యేదాకా కాస్త ఓపిక పట్టాలి, నేర్చుకోవడానికి చాలు. మూడో ఏడుకి ప్రాజెక్ట్ పెద్దదైతే ఇది చాలదు, మిగిలిన డబ్బు అప్పటికి దాచండి, 8వ తరం సెకండ్‌హ్యాండ్ చూద్దాం.

మహేంద్రతనయ:
షాపాయనకి వద్దని ఇప్పుడే ఫోన్ చేశాను. శనివారం తమ్ముడు ఇంటికొస్తాడు, అప్పుడే విప్పుతాం. ర్యామ్ కార్డు డబ్బులిచ్చే ముందు స్టిక్కర్ ఫొటో ఇక్కడ పెడతాను, ఎవరైనా ఒకసారి చూసి చెప్పండి.