కర్నూలు–బెంగళూరు ఈవీలో: దారిపొడవునా ఫాస్ట్ ఛార్జింగే అయితే డీజిల్ కంటే మిగులుతుందా?

బురుజు_దగ్గర:
ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు నుంచి బెంగళూరు సుమారు 360 కిలోమీటర్లు. బండి 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు. ఫాస్ట్ ఛార్జర్ రేటు జీఎస్టీ 18 శాతం కలుపుకుంటే యూనిట్ 24 దాకా పడుతోంది. ఈ రేటుకు ఈవీలో మిగిలేదేముందప్పా?

పెన్నా_గట్టు:
బాగానే మిగులుతుంది. 90 దాటకుండా నిలకడగా పోతే యూనిట్‌కు 6.3 కిలోమీటర్లు, అంటే 57 యూనిట్లు. బెంగళూరు మనకంటే 600 మీటర్లకు పైగా ఎత్తు. మనుషులతో 1,800 కిలోలయ్యే బండి అంత ఎత్తు ఎక్కాలంటే ఇంకో 3. మొత్తం 60. ఇంట్లో నింపుకున్నవి 45. ఊరు చేరాక 7 మిగలాలంటే దారిలో 22 ఎక్కిస్తే చాలు. బిల్లు 24 యూనిట్లకు, 576 రూపాయలు. ఇంటి కరెంటు 400 దాటిన శ్లాబు రూ.9.75 వేసుకున్నా, ఛార్జింగ్ నష్టంతో 50 యూనిట్లకు 488. అంతా కలిపి 1,064. లీటరుకు 16 ఇచ్చే పెట్రోలు బండికి 110 లెక్కన 2,475.

బురుజు_దగ్గర:
ఎక్కేది 22 అయితే 24కు ఎందుకు కట్టాలి? ఆ రెండు యూనిట్లు ఎవరి ఖాతాలోకి?

పెన్నా_గట్టు:
ఎవరి ఖాతాలోకీ కాదు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని బండిలోనే కూర్చుంటే అరగంటకు యూనిట్ దాకా అదే లాగుతుంది. బ్యాటరీని చల్లబరిచేదీ గన్ (బండికి తగిలించే ఛార్జర్ ప్లగ్) నుంచి వచ్చే కరెంటే. తక్కింది వైర్లలో, సెల్స్‌లో వేడిగా పోతుంది. దిగి చెట్టుకింద నిలబడితే ఒకటి తగ్గుతుంది.

హంద్రీ_నీవా:
రెండు గన్‌ల 60 కిలోవాట్ల ఛార్జర్‌లో పక్కన ఇంకో బండి పెడితే చాలాచోట్ల చెరి 30కి పడిపోతుంది. 22 యూనిట్లకు అరగంట అనుకున్నది ముప్పావుగంట అవుతుంది.

బురుజు_దగ్గర:
బంకులో 5 లీటర్లు కొట్టిస్తే 5 లీటర్లూ ట్యాంకులోకే పోతాయి. నేనడిగింది అదీ.

పెన్నా_గట్టు:
ట్యాంకులో పడినదాంట్లో మూడింట రెండొంతులు ఇంజిన్ వేడికే పోతుంది సామీ, అది బిల్లులో కనపడదు అంతే. అసలు చూసుకోవాల్సింది ఎక్కడ ఆగాలన్నది. అందరూ అనంతపురంలో ఆగుతారు. అక్కడికి 145 కిలోమీటర్లు, బ్యాటరీ ఇంకా సగం ఉంటుంది. అక్కడ 22 ఎక్కించాలంటే 98 శాతం దాకా పోవాలి. 80 దాటితే వేగం పడిపోతుంది, చివరి ఇరవై శాతానికే అరగంట పైన. అదే పెనుకొండ దాకా పోతే 22 శాతంతో చేరతావు, 71కి వచ్చాక గన్ తీసి బయల్దేరొచ్చు.

హంద్రీ_నీవా:
పెనుకొండ దగ్గర ఛార్జర్ పనిచేయకపోతే? అనంతపురంలో పది నిమిషాలాగి 5 యూనిట్లు వేసుకోండి, పెనుకొండ దాటాక వచ్చే బాగేపల్లి దాకా ధీమాగా ఉంటుంది. ఇంకోటి. గన్ పెట్టగానే ‘కమ్యూనికేషన్ ఫెయిల్’ అని వస్తే ఛార్జర్ చెడిందనుకోవద్దు. కేబుల్ బరువుకు గన్ కిందికి వాలి పిన్ను సరిగ్గా తగలదు. క్లిక్‌మనేదాకా నొక్కి, ఒక చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుని రెండో చేత్తో యాప్‌లో స్టార్ట్ కొట్టండి. లోపల లాక్ పడ్డ చప్పుడు వినపడ్డాక వదలండి.

బురుజు_దగ్గర:
నేను డీజిల్ అని రాస్తే పెట్రోలు లెక్క చెప్తావు. దారిపొడవునా అని రాస్తే ఇంటి కరెంటు 45 యూనిట్లు ముందే కలుపుతావు. పైన హెడ్డింగ్ చదివినావా అసలు?

పెన్నా_గట్టు:
ఇంట్లో ఛార్జింగ్ లేకుండా ఈవీ ఎవరు కొంటారన్నా?

బురుజు_దగ్గర:
అద్దె పోర్షన్‌లో ఉండేవాళ్లు కొనకూడదా? 15 ఆంపియర్ల ప్లగ్ పెట్టుకుంటామంటే ఓనర్ వద్దంటాడు. పెట్టనిచ్చినా పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు, ఛార్జర్ ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. అట్లాంటివాళ్ల లెక్క వేయి. 60 యూనిట్లు బండికి కావాలంటే బిల్లు 65కి వస్తుంది. 24 చొప్పున 1,560. లీటరుకు 20 ఇచ్చే డీజిల్ బండికి 18 లీటర్లు, 97 లెక్కన 1,746. తేడా 186 రూపాయలు. దానికోసం గంటకు పైగా గన్ దగ్గర పడిగాపులు.

పెన్నా_గట్టు:
ఆ లెక్క తప్పని అనను. కానీ తప్పు బండిది కాదు, ప్లగ్‌ది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది, ఈవీకి విడిగా కనెక్షన్ అడగొచ్చు. మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ఆఫీసులో అర్జీ పెట్టించు.

బురుజు_దగ్గర:
కనెక్షన్ ఓనర్ ఒప్పుకోకుండా ఇస్తారా? దానికి జవాబు చెప్పు, రేపే అర్జీ పెడతా.

పెన్నా_గట్టు:
ఓనర్‌తో మాట్లాడేటప్పుడు మీటరు వేరు, బిల్లు మనదే అని మొదట చెప్పు. వాళ్ల భయం శ్లాబు పెరుగుతుందనే. ఎర్త్ గుంత ఖర్చు కూడా మనమే పెట్టుకుంటామంటే చాలామంది మెత్తబడతారు.

హంద్రీ_నీవా:
గుంత తవ్విస్తే బొగ్గు, ఉప్పు వేయించి నీళ్లు పోయడానికి పైపు పెట్టించండి. మన నేలకు ఎండాకాలం అది ఎండిపోతే మళ్లీ ఎర్ర లైటే.